ఓబయ్య వెనక సీట్లో కూర్చున్న రోజు

మా అపార్ట్‌మెంటు సెల్లారులో పధ్నాలుగు కార్లు, ఎనిమిది స్తంభాలు ఉన్నాయి. కార్ల మీద స్తంభాల రంగు, స్తంభాల మీద కార్ల రంగు కనిపిస్తుంది. అందుకని మాలో చాలామంది పొద్దున కిందికి దిగి, తాళం చెవి వాచ్‌మన్ ఓబయ్య చేతికిచ్చి, గేటు బయట నిలబడి ఫోను చూసుకుంటాం. ఓబయ్య కారును వెనక్కి తీసి, మా ముందు ఆపి, దిగి తలుపు పట్టుకుంటాడు. మేము ఎక్కి, పాట పెట్టుకొని, అంతా మేమే చేసినట్టు బయల్దేరతాం. ఇందులో నాకు మినహాయింపు లేదు. నా పేరు చక్రధర్, వయసు యాభై రెండు, తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పదకొండేళ్ళుగా కారుంది. దానికి రివర్సు గేరు ఉన్న సంగతి కూడా తెలుసు.

తిరుపతి జిల్లాలో కారు ప్రేమికుల సంఘం పుట్టింది ఇలాంటి మా మధ్యనే.

పుట్టించినవాడు మూడో అంతస్తు గిరిప్రసాద్. ఆయనకు టైల్స్ షాపు ఉంది. నిరుడు ఒక పెద్ద నల్లబండి కొన్నాడు. ఎక్కడానికి పక్కన మెట్టు, పైన సామాన్ల కమ్మీలు, వెనక వెండి అక్షరాల్లో ‘ఫోర్ బై ఫోర్’ అని పేరు. అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుందనీ, కొండైనా గుట్టైనా ఎక్కేస్తుందనీ లిఫ్టులో మూడుసార్లు, మెట్ల మీద ఒకసారి నాకు వివరించాడు. ఆ బండి ఎక్కిన ఎత్తైన ప్రదేశమల్లా మా సెల్లారు ర్యాంపు ఒక్కటే. అంత బండి కొన్నాక దాని గురించి వినేవాళ్ళు కావాలి గదా. ‘సప్తగిరి స్టీరింగ్ మిత్రమండలి’ అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు.

సభ్యుల ఎంపికకు ఆయన పాటించిన పద్ధతి సులువైంది. తన ఫోనులో ‘కారు’ అని కొట్టి, వచ్చిన పేర్లన్నిటినీ చేర్చేశాడు. ఆ విధంగా కారు ఇన్సూరెన్సు ఏజెంటు ఒకరు, కారు సీటు కవర్లు కుట్టే ఆయన ఒకరు, కారుమంచి అనే ఇంటిపేరున్న హోమియో డాక్టరు ఒకరు కారు ప్రేమికులయ్యారు. ఆ డాక్టరుకు స్కూటరు మాత్రమే ఉంది. మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనకుండా ఉండిపోయాడు. మా వాచ్‌మన్ పేరు గిరిప్రసాద్ ఫోనులో ‘ఓబయ్య కారు రివర్స్’ అని ఉండేది. అతనూ అలాగే వచ్చి పడ్డాడు.

గ్రూపు మొదటి నియమం పరిచయం. వయసు, ఉద్యోగం, హాబీలు, ఇంతవరకు చేసిన గొప్ప కారు ప్రయాణం, అన్నీ చెప్పాలి. గిరిప్రసాద్ ముందుగా రాశాడు: వయసు నలభై ఎనిమిది, మనసుకు ఇరవై ఎనిమిది, హాబీ సాహసం, గొప్ప ప్రయాణం లడఖ్. ఆ లడఖ్ పక్కన చిన్న అక్షరాల్లో ‘వచ్చే ఏడాది’ అని ఉంది. రెండో అంతస్తు పళ్ళ డాక్టరు దయానంద్ తన వయసు ముప్పై తొమ్మిది అన్నాడు. మూడేళ్ళ కిందట అపార్ట్‌మెంటు పుట్టినరోజుల పట్టికలో కూడా ముప్పై తొమ్మిదే. ఆయన హాబీ పర్వతారోహణ. అలిపిరి మెట్లు ఒకసారి ఎక్కాడు, మోకాళ్ళ మెట్టు దగ్గర ఫోటో ఉంది. నేను పుస్తక పఠనం, హార్స్లీ హిల్స్ ప్రయాణం అని రాశాను. ఆ ప్రయాణంలో కారు తోలింది మా బావమరిది, నేను వాల్మీకిపురం నుంచి నిద్రపోయాను అనే వివరాలు అడగలేదు గనక రాయలేదు.

గ్రూపులో ఒకే ఒక ఆడమనిషి కోమలి. మా పక్క వీధిలో ఉంటుంది. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె రాసింది రెండే వాక్యాలు: ‘ముప్పై నాలుగు, రోజూ తిరుపతి నుంచి సూళ్లూరుపేటకు, మళ్ళీ వెనక్కి. హాబీ: ఇంట్లో ఉండటం.’

ఆ సాయంత్రం ఓబయ్య మాట్లాడి పంపాడు. అతనికి టైపు చేయడం రాదు.

“అందరికీ దండాలు. నా పేరు ఓబయ్య. మాది పాకాల పక్కన పల్లె. వయసు అరవై రెండని ఆధార్ కార్డులో ఉండాది. మాయమ్మ లెక్కలో అరవై నాలుగు. ఆమె చెప్పిందే నిజమనుకుంటా, నేను పుట్టినప్పుడు ఆమె ఆడుండింది గదా. పదేండ్లు మామిడికాయల లారీ తోలినాను. ఆ తర్వాత ఇరవై ఏడేండ్లు ట్రావెల్స్ కారు. తిరుమలకు ఎన్నిసార్లు పోయినావని మా మనవరాలు నందిత అడిగితే ఇద్దరం లెక్కేసినాము. పదకొండు వేల కాడ నిలిపినాము, దానికి నిద్రొచ్చింది. దర్శనం మాత్రం నాలుగుసార్లు అయింది. మిగతాదంతా పార్కింగే. యాక్సిడెంట్లు రెండు. రెండూ నిలబెట్టిన బండిని వేరేవాళ్ళు వచ్చి గుద్దినవి. హాబీ అంటే పని లేనప్పుడు చేసేదంట. పని లేనప్పుడు పండుకుంటాను. సొంత కారు లేదు. గొప్ప ప్రయాణం యాడికి పోయినారని రాసినారు. నేను యాడికీ పోలేదు. పోయినోళ్ళని తీసకపోయినాను. ఉంటాను.”

నిమిషానికొక శుభోదయం వచ్చే గ్రూపులో గంటసేపు ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత గిరిప్రసాద్ నాకు ఫోను చేశాడు.

“మాస్టారూ, ఇది కార్లుండే వాళ్ళ గ్రూపు గదా. ఓబయ్యను తీసేస్తే బాగుంటాదేమో.”

“తీసేస్తే రేపు పొద్దున మీ బండి ఎవరు బయటికి తీస్తారు?” అన్నాను.

ఆయన ఆలోచించాడు. ఈలోగా దయానంద్ ఇదే సందేహం గ్రూపులో పెడితే కోమలి జవాబిచ్చింది: ‘గ్రూపు పేరు కింద కారంటే ప్రేమ ఉన్నవారు అని మీరే రాసినారు, కారు ఉన్నవారు అని రాయలేదు.’ సూత్రం, అవసరం రెండూ ఒకే వైపు ఉండటంతో ఓబయ్య సభ్యుడిగా మిగిలాడు.

జనవరి ఆఖర్లో గిరిప్రసాద్ తొలి సాహసయాత్ర ప్రకటించాడు. పులికాట్ సరస్సుకు ఎర్రకాళ్ళ కొంగలు, అదే ఫ్లెమింగోలు, వచ్చి ఉన్నాయి, ఫిబ్రవరి మొదటి ఆదివారం వెళ్ళి చూద్దామన్నాడు. పదకొండు పేజీల ప్రణాళిక తయారుచేశాడు. ముందు బండి, వెనక బండి, మధ్య బండ్ల వరస, మాట్లాడుకోవడానికి వాకీటాకీలు, దారిలో వాడాల్సిన రహస్య పేర్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన బండి ‘ఆల్ఫా వన్’. అందరికీ బనియన్లు అచ్చు వేయించాడు. వాటి మీద ‘దారి లేని చోటే మా దారి’ అని ఉంది. తిరుపతి నుంచి పులికాట్ దాకా నల్లటి తారురోడ్డు ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు ఆయన కింద ఓబయ్యను పిలిచి, నా ముందే అడిగాడు. “నువ్వూ రాప్పా. తిరిగొచ్చేటప్పుడు మనవాళ్ళు అలిసిపోయింటారు. ఎవరి బండైనా తోలొచ్చు.”

ఓబయ్య చేతిలోని నీళ్ళ పైపు కట్టేసి, చేతులు తుడుచుకున్నాడు. “వస్తాను సార్. అయితే తోలను. వెనక సీట్లో కూసోని వస్తాను. మా ఇంటిదాన్ని గూడా తీసకొస్తాను.”

గిరిప్రసాద్ ముఖం చూడాల్సింది. నిపుణుణ్ణి ఉచితంగా తెచ్చుకుందామనుకుంటే అతను కుటుంబ సమేతంగా యాత్రికుడైపోయాడు. కాదనడానికి నోరు రాలేదు, సోమవారం పొద్దున సెల్లారు గుర్తొచ్చి ఉంటుంది. కోమలి తన కారులో ఎక్కించుకుంటానంది.

గిరిప్రసాద్ వెళ్ళాక, వెనక సీటు కోరిక ఎందుకని అడిగాను. ఓబయ్య మెట్ల కింద తన గది వైపు చూశాడు. లోపల అతని భార్య గంగులమ్మ బియ్యం ఏరుతోంది. గొంతు తగ్గించి చెప్పాడు.

“పెండ్లయి ముప్పై ఆరేండ్లు సార్. నేను తోలే బండి ఈమె ఒక్కనాడూ ఎక్కలేదు. ముందర సీటు బాడుగ పార్టీ వాళ్ళది, వెనక సీటు పార్టీ వాళ్ళది, డిక్కీ వాళ్ళ సామాన్లది. ఈమెను యాడ కూసోబెట్టేది?”

“ఖాళీగా వచ్చిన రోజు ఒక్కటీ లేదా?”

“ఉండింది. చిత్తూరులో పార్టీని దించి వస్తాండాను. దామలచెరువు కాడ ఈమె బస్సుకు నిలబడుండాది. సంకలో పాప. వాన. నా బండి ఖాళీ. ఓనరు గట్టిగా చెప్పినాడు, పార్టీ తప్ప ఇంకెవురినీ ఎక్కించగూడదని. ఎవురో సూసి చెప్పినారని ముందు నెలే ఒకడిని పనిలోంచి తీసేసినాడు. నేను ఆపలేదు సార్. ఈమె సూసింది. ఇంటికొచ్చినాక ఒక్క మాటన్లేదు. ఇరవై ఎనిమిదేండ్లయింది. ఇంకా అన్లేదు.”

పులికాట్‌లో ఈసారి పక్షులు ఎక్కువగా ఉన్నాయట అన్నాను. మాస్టర్లకు ఇలాంటి సమయాల్లో సమాచారం బాగా పనికొస్తుంది.

వస్తామన్నవాళ్ళు పద్దెనిమిది కార్ల వాళ్ళు. ఆదివారం వచ్చినవి అయిదు. ఆరింటికి బయల్దేరాల్సిన మేము ఎనిమిదింబావుకు బయల్దేరాం, ఎందుకంటే అంతసేపు కార్లను వరసలో నిలబెట్టి ఫోటోలు తీశాం. నా కారుకు ముందు రోజే స్తంభం తగిలినందువల్ల నేనూ కోమలి కారులోనే, ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఓబయ్య, గంగులమ్మ. గంగులమ్మ ఆకుపచ్చ జరీ చీర కట్టుకొని, ఒళ్ళో ఒక సంచి పెట్టుకుంది. కారు తలుపు ఎలా వేయాలో ఓబయ్య నేర్పబోతే, “నాకు తెలుసులే” అని తనే లాగి వేసింది.

ఓబయ్యకు వెనక సీట్లో కూర్చోవడం రాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒడిలో పెట్టుకున్నాడు, తొడల కింద పెట్టుకున్నాడు, చివరికి తువ్వాలు పట్టుకున్నాడు. ముందు బండి వేగం తగ్గినప్పుడల్లా అతని కుడికాలు నేలను అదిమేది. ఆ చప్పుడు నాకు వినిపించేది.

“ఏమన్నా చెప్పాలంటే చెప్పన్నా,” అంది కోమలి.

“ఏం లేదుమ్మా. బాగా తోలతాండావు.” రెండు నిమిషాలాగి, “ఆ లారీవాడు కుడిపక్కకొస్తాడు. వాని అద్దంలో మనం కనపడలేదు,” అన్నాడు. లారీ కుడిపక్కకు వచ్చింది. కోమలి అప్పటికే వేగం తగ్గించింది. ఆమెకూ ఆ అద్దం కనిపించింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఏదో ఒప్పందానికి వచ్చినట్టయింది. ఆ తర్వాత ఓబయ్య కాలు కొంచెం నెమ్మదించింది.

రేణిగుంట దాటగానే గంగులమ్మ నిద్రపోయింది.

ఓబయ్యకు కష్టమనిపించింది. “ముప్పై ఆరేండ్లు ఎదురుసూసింది. ఎక్కి అర్ధగంట కాలేదు, పండుకునింది సూడమ్మా.”

“బాగా తోలుతున్నానని అర్థం అన్నా,” అంది కోమలి.

అతను తువ్వాలు మడిచి ఆమె తల కింద పెట్టాడు. శ్రీకాళహస్తిలో టిఫినుకు ఆగినప్పుడు లేపుదామా వద్దా అని పది నిమిషాలు నాతో చర్చించి, లేపకుండా ఇడ్లీ కట్టించుకున్నాడు. ఈలోగా వాకీటాకీలో గిరిప్రసాద్ “ఆల్ఫా వన్ మాట్లాడుతున్నాను, రోడ్డు మీద గేదెలు ఉన్నాయి” వంటి కీలక సమాచారం అందిస్తూనే ఉన్నాడు. నాయుడుపేట దగ్గర ఆల్ఫా వన్ దారి తప్పి ఒక రైసుమిల్లులోకి వెళ్ళింది. వెనక వస్తున్న మూడు బండ్లూ నాయకుణ్ణి అనుసరించి మిల్లులోకే వెళ్ళాయి. కోమలి మాత్రం రోజూ పోయే దారిలో పోయి, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ముందు కారాపి వాళ్ళకోసం కాచుకుంది. గంగులమ్మ అక్కడ లేచి, గుడికి దండం పెట్టుకొని, ఇడ్లీ తిన్నది.

సరస్సు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. ఎండకు మెరుస్తున్న నీళ్ళలో, చాలా దూరంలో, వేల పక్షులు లేతగులాబీ రంగు చారలా నిలబడి ఉన్నాయి. మా మిత్రమండలి కార్లు ఆపి, వాటికి వీపు తిప్పి నిలబడి, ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టింది. పక్షులు మా వైపు చూస్తున్నాయో లేదో తెలియదు. మేము మాత్రం వాటివైపు చూడలేదు. ఓబయ్య దంపతులు మాత్రమే రోడ్డు గట్టు మీద కూర్చుని, సంచిలోని చెనిక్కాయలు ఒలుచుకుంటూ, ఆ పక్షుల్లో ఎన్ని ఒంటికాలి మీద నిలబడ్డాయో లెక్కపెట్టుకున్నారు.

ఫోటోల్లో పక్షులు మరీ చిన్నగా పడుతున్నాయని గిరిప్రసాద్‌కు బాధ కలిగింది. బండినే పక్షుల దగ్గరికి తీసుకుపోతే సరిపోతుందన్నాడు. రోడ్డు పక్కన నీళ్ళు ఇంకిపోయిన నేల తెల్లగా, పగుళ్ళతో, గట్టిగా కనిపిస్తోంది. దగ్గర్లో పడవకు తారు పూస్తున్న ఒక చేపలవాడు పని ఆపి చెప్పాడు.

“సార్, ఆడికి పోబాకండి. పైన ఎండినట్లుంటాది, లోన అంతా అడుసు.”

“ఇది ఫోర్ బై ఫోర్ అప్పా,” అన్నాడు గిరిప్రసాద్.

“ఏ ఫోరైనా దిగబడతాది సార్,” అని అతను మళ్ళీ తారు పూసుకున్నాడు.

బండి గట్టు దిగి నలభై అడుగులు రాజసంగా వెళ్ళింది. నలభై ఒకటో అడుగులో వెనక భాగం కూర్చుంది. గిరిప్రసాద్ గట్టిగా తొక్కాడు. ఇంజను అరుపుకు దూరంలోని గులాబీ చార మొత్తం లేచి ఎగిరి, తమిళనాడు వైపు వెళ్ళిపోయింది. నల్లటి బురద ఎగిరొచ్చి ‘దారి లేని చోటే మా దారి’ మీద పడింది.

తర్వాత ముప్పావుగంట కారు ప్రేమికుల జ్ఞానమంతా బయటపడింది. దయానంద్ రష్యాలో మంచులో దిగబడిన లారీ వీడియో ఒకటి చూశాడట, అందులో ఏం చేశారో మాత్రం గుర్తు లేదు. ఒకాయన టార్క్ అన్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు ఇలాంటివాటికి వర్తించదని చెప్పాడు. కాళ్ళ కింద వేసుకునే పట్టాలు చక్రాల కింద వేయమని నేను సలహా ఇచ్చాను. అయిదు కార్ల పట్టాలు సాంబారులో ఇడ్లీల్లా ఒకటొకటే మునిగిపోయాయి. ప్రతి సలహాకూ బండి ఇంకో నాలుగంగుళాలు దిగింది.

కోమలి గట్టు దగ్గరికి వెళ్ళి ఓబయ్యను పిలుచుకొచ్చింది. అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు గట్టు మీదే విడిచి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. “సార్, ఒక్కసారి మెల్లగా తొక్కండి,” అని ముందు చక్రాల దగ్గర వంగి చూశాడు. లేచి, డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళి, చాలా నెమ్మదిగా అన్నాడు.

“సార్, ఈ బండికి ముందర చక్రాలు ఇంజనుతో తిరగవు. యెనకవి రెండే తిరగతాండాయి.”

“స్విచ్చి పడలేదేమో.”

“స్విచ్చే లేదు సార్.”

మునిగిన పట్టా కోసం బురదలో వెతుకుతూ నేను ఆ కిటికీకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. గిరిప్రసాద్ ముఖం రంగు మారింది. కాసేపటికి, “ఆ అక్షరాలు సామాన్ల షాపులో అంటించుకున్నానప్పా. ఎవురికీ చెప్పబాక,” అన్నాడు.

ఓబయ్య వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా చెప్పాడు. “ఈ అడుసులో ఎంత బండైనా ఇంతే. సార్ తప్పేం లేదు.”

ఆ తర్వాత పని మాటల్లేకుండా జరిగింది. ముందు చక్రాల్లో సగం గాలి తీసేయించాడు, తర్వాత వెనక చక్రాల్లో. తారు పూసే అతన్ని “అన్నా, రెండు పలకలిస్తావా” అని అడిగాడు. ముందే చెబితే విన్నారు కాదు గదా అని ఆ చేపలాయన ఒక్క మాట కూడా అనలేదు, ఇంకో ముగ్గురిని కేకేసి పడవ పలకలు, ఎండిన జమ్ము మోయించుకొచ్చాడు. ప్రతి ఏడూ ఒక బండైనా ఇట్ల వస్తాదిలే అన్నాడు. మేము డాక్టర్లం, మాస్టర్లం, వ్యాపారులం ఓబయ్య చెప్పినట్టు చేతులతో బురద తోడాం. అది చాలా ఏళ్ళలో మేము కార్ల కోసం చేసిన మొదటి పని.

అంతా సిద్ధమయ్యాక గిరిప్రసాద్ కిందికి దిగి తాళం చాపాడు. “నువ్వే తోలప్పా.”

“తోలనని ముందే చెప్పినాను గదా సార్. కోమలమ్మ తోలతాది, నేను పక్కన నిలబడి చెప్తాను.”

కోమలి తాళం అందుకోబోతుండగా, గట్టు మీదనుంచి గంగులమ్మ దిగి వచ్చింది. జరీ అంచు ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని, బురదలో పాదాలు దిగుతున్నా ఆగకుండా నడిచి, బండి ఎడమ తలుపు తీసి, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

“మే, దిగు. బరువు గూడదు,” అన్నాడు ఓబయ్య.

“నువ్వు తోలు.”

“కోమలమ్మ తోలతాది.”

“నువ్వు తోల్తేనే నేను కూసునేది.” ఆమె సూటిగా అతన్నే చూస్తోంది. “ఏం, ఓనరు వద్దన్నాడా?”

ఓబయ్య చేతులకు మళ్ళీ చోటు దొరకలేదు. అక్కడ ఆ మాట అర్థమైంది నాకొక్కడికే. గిరిప్రసాద్ తననే అంటున్నారనుకున్నాడు. ఆ బండికి ఓనరు ఆయనే గదా. తడబడి, “నేనేమన్నానమ్మా, కూసో. తోలు ఓబయ్యా, ఆమెను కూసోనీ,” అన్నాడు. ఆ గ్రూపు పెట్టినప్పటి నుంచీ ఆయన నోటివెంట వచ్చిన మంచిమాట అదొక్కటే. దాని విలువ ఆయనకు తెలియదు.

ఓబయ్య కాళ్ళు తువ్వాలుతో తుడుచుకొని ఎక్కాడు. ఇంజను అరవలేదు. బండి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్ళీ కొంచెం ముందుకు ఊగింది. మేము వెనకనుంచి తోశాం. పలకలు కిర్రుమన్నాయి. అయిదో ఊపులో చక్రాలు జమ్ము మీదికి ఎక్కాయి, అక్కడి నుంచి బండి నిదానంగా నలభై అడుగులూ నడిచి రోడ్డెక్కింది. మేము చప్పట్లు కొట్టాం.

బండి ఆగలేదు. సరస్సు పక్కన రోడ్డు మీద, ఎద్దులబండి కంటే కొంచెం వేగంగా, అలా వెళ్ళిపోతూనే ఉంది. చిన్నదై, చుక్కై, ఎండలో కలిసిపోయింది.

“యాడికి పోతాండాడు?” అన్నాడు గిరిప్రసాద్. వాకీటాకీ తీసి, “ఆల్ఫా వన్, ఆల్ఫా వన్, ఎక్కడున్నారు?” అని పిలిచాడు. రెండుసార్లు గరగర శబ్దం వచ్చింది. తర్వాత గంగులమ్మ గొంతు వినిపించింది.

“ఆయప్ప బండి తోలతాండాడు. ఇప్పుడు మాట్లాడగూడదు.”

యాభై నిమిషాలకు తిరిగొచ్చారు. ఓబయ్య దిగి, తాళం రెండు చేతులతో అందించాడు. “చక్రాల్లో గాలి తక్కువుండింది గదా సార్. పట్టించను పోయినాను.” మేము వచ్చేటప్పుడు చూసిన పంచరు షాపు అటువైపు కాదు, ఇటువైపు ఉంది. గాలి మాత్రం నాలుగు చక్రాల్లోనూ నిండుగానే ఉంది. గిరిప్రసాద్ ఏమీ అడగలేదు. గంగులమ్మ తనంతట తాను తలుపు తీసుకొని దిగి, కోమలి కారు వెనక సీట్లో కూర్చుంది. తిరుగు ప్రయాణంలో నిద్రపోలేదు. దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంది, పాకాల సంగతులు, చుట్టాల సంగతులు, పాప చిన్నప్పటి జ్వరాలు. దామలచెరువు వాన గురించి కూడా చెప్పింది, తను ఎంత తడిసిందో, బస్సు ఎంతకూ రాకపోతే ఎంత తిట్టుకుందో. “యెవురిని తిట్టినావు?” అని ఓబయ్య అడిగాడు. “బస్సును,” అంది ఆమె. ఓబయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అతని కుడికాలు తిరుపతి దాకా ఒక్కసారి కూడా నేలను అదమలేదు.

ఆ రాత్రి గ్రూపులో నివేదిక వచ్చింది. ‘అత్యంత కఠినమైన భూభాగంలో మన మండలి తొలి సాహసయాత్ర విజయవంతం. సహకరించిన స్థానికులకు కృతజ్ఞతలు.’ మునిగిన పట్టాల ప్రస్తావన లేదు. ఓబయ్యకు ‘సాంకేతిక సలహాదారు’ అనే హోదా ఇచ్చారు. దానివల్ల వచ్చిన మార్పు ఒక్కటే: అంతకుముందు సెల్లారులో కార్లు తీయడానికి పిలిచేవాళ్ళు ఇప్పుడు కడగడానికి కూడా పిలవడం మొదలుపెట్టారు.

ఆ ఫోర్ బై ఫోర్ సంగతి ఎందుకు దాచావని నేను అడిగాను.

“ఇరవై ఏడేండ్లు ముందర కూసోని యెనక సీటు మాటలు విన్నోడిని సార్,” అన్నాడు. “మొగుడూ పెండ్లాల కొట్లాటలు, అన్నదమ్ముల పంపకాలు, ఏడుపులు, అన్నీ విన్నాను. బండి దిగినాక ఒక్కటీ ఇంకొకరికి చెప్పలేదు. మీరు గూడా చెప్పబాకండి.”

చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను. చెప్పడం వేరు, రాయడం వేరు.

ఉగాది దాటాక ఓబయ్య అపార్ట్‌మెంటు సంఘాన్ని ఆదివారం సెలవు అడిగాడు. సమావేశం రెండు గంటలు జరిగింది. ఇన్నేళ్ళూ అతనికి సెలవే లేదన్న విషయం అప్పుడే అందరికీ తెలిసి, అందరూ విచారించారు. ఆ తర్వాత ఆదివారం కార్లు ఎవరు తీస్తారన్న అసలు సమస్య మీద చర్చ సాగింది. కోమలి మా అపార్ట్‌మెంటు మనిషి కాకపోయినా వచ్చి, వెనక్కి తీయడం వారం రోజుల్లో తనే నేర్పుతానంది. ముగ్గురం చేరాం. దయానంద్ తనకు నలభై దాటాక నేర్చుకుంటానన్నాడు. సెలవు మంజూరైంది.

ఆ మరుసటి వారం నుంచి ఓబయ్య, గంగులమ్మ పొద్దున్నే తయారై బస్టాండుకు వెళ్తున్నారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక, ఇద్దరికీ కలిపి ఒకే టిక్కెట్టు. తలకోన చూశారు, కైలాసకోన చూశారు, హార్స్లీ హిల్స్ కూడా ఎక్కొచ్చారు. మిత్రమండలి లడఖ్ ప్రణాళిక ఇరవై రెండో పేజీలో ఉంది. ఎండలు తగ్గాక బయల్దేరాలని ఒకసారి, వానలు తగ్గాక బయల్దేరాలని ఒకసారి నిర్ణయించాం.

పోయిన ఆదివారం గంగులమ్మ ఓబయ్య ఫోనులోంచి గ్రూపులో ఒక ఫోటో పెట్టింది. ఏదో కొండదారి మలుపు, కింద పచ్చటి లోయ, బస్సు కిటికీ కమ్మీ పట్టుకున్న ఓబయ్య చెయ్యి. అలవాటు కొద్దీ గిరిప్రసాద్ కింద ప్రశ్న రాశాడు: ‘బాగుంది. బండి ఏ గేరులో ఎక్కింది ఘాటు రోడ్డు?’

ఓబయ్య మాట్లాడి పంపాడు. వెనక బస్సు చప్పుడు, ఎవరో చంటిపిల్ల ఏడుపు వినిపిస్తున్నాయి.

“తెలీదు సార్. డ్రైవరప్ప సూసుకుంటాండాడు. మేము కొండ సూస్తాండాము.”